మాత్ర మింగిన తర్వాత

మహానంది కోనేటి నీళ్లు అక్కడికి చేరేదాకా ఏ ఊరినీ ఒరుసుకుని రావు. నల్లమల మీద కురిసిన వాన రాతి పగుళ్లలోకి ఇంకి, నేల లోపలే దారి చేసుకుని, కొండ మొదట్లో గుడి దగ్గర ఊటగా బయటపడుతుంది. ఐదడుగుల నీటి అడుగున పడిన రూపాయి బిళ్ల గట్టు మీదినుంచే కనిపిస్తుంది. ఎండాకాలంలోనూ ఆ ధార ఆగదు. గుడి దాటాక అదే నీరు కాలువలై తోటలకు పారుతుంది. నంద్యాల బజారులో ‘మహానంది అరటి’ అని అమ్మే గెలలను పెంచింది ఈ ఊటే.

అక్కణ్నుంచి పడమటికి కాస్త దూరం వస్తే నంద్యాల. పట్టణంలో పారే మద్దిలేరు, చామకాల్వ కుందూలో కలుస్తాయి. కుందూ కోయిలకుంట్ల మీదుగా దిగి కడప జిల్లాలో పెన్నను చేరుతుంది. ఇది కూడా కొండల వానే. కాకపోతే మధ్యలో ఇళ్లు, ఆసుపత్రులు, పశువుల కొట్టాలు, మెడికల్ షాపులు వచ్చాయి. ప్లాస్టిక్ సంచులు కంటికి కనిపిస్తాయి, మురుగు ముక్కుకు తెలుస్తుంది. ఈ అధ్యాయం రంగూ వాసనా లేకుండా నీళ్లలో చేరే మూడో దాని గురించి. అది మన మందుల డబ్బాలోంచి వస్తుంది.

చక్కెర జబ్బుకు రోజూ వేసుకునే మెట్‌ఫార్మిన్‌నే తీసుకోండి. పేగు పీల్చుకున్న ఆ మందును మన ఒళ్లు ముక్కలు చేయదు. అది చేయాల్సిన పని చేసి, వచ్చిన రూపంలోనే మూత్రపిండాల గుండా బయటికి వెళ్లిపోతుంది. పేగు పీల్చుకోని భాగం మలంతో పోతుంది. అమాక్సిసిల్లిన్ సంగతీ ఇంచుమించు అంతే. మింగినదాంట్లో సగానికి పైగా కొన్ని గంటల్లోనే మూత్రంలోకి మారకుండా వచ్చేస్తుంది. మోకాళ్లకు రాసుకునే డైక్లోఫెనాక్ జెల్‌లో పదో వంతు కూడా చర్మం లోపలికి పోదు. మిగతాదంతా చేతులు కడిగినప్పుడు, స్నానం చేసినప్పుడు కాలువ పాలు. మందును తయారుచేసేవాళ్లు దాన్ని గట్టిగా ఉండేలా చేస్తారు, కడుపులోని ఆమ్లానికి, కాలేయానికి తట్టుకుని పనిచేయాలి కదా! ఆ గట్టితనమే బయటికి వచ్చాక చిక్కవుతుంది. ఒంట్లో విరగనిది వాగులో మాత్రం ఎందుకు తొందరగా విరుగుతుంది?

ఇంగ్లండులోని యార్క్ విశ్వవిద్యాలయం నడిపించిన ఒక పరిశీలన 2022లో వెలువడింది. 104 దేశాల్లో 258 నదుల మీద 1,052 చోట్ల నీళ్లు పట్టి 61 మందుల కోసం వెతికారు. మూర్ఛకు వాడే కార్బమాజెపిన్, చక్కెర జబ్బు మెట్‌ఫార్మిన్, కాఫీలోనూ తలనొప్పి మాత్రల్లోనూ ఉండే కెఫీన్ – ఈ మూడూ సగానికి మించిన చోట్ల దొరికాయి. నీటి జీవులకు ఫరవాలేదనుకునే హద్దును కనీసం ఒక మందైనా దాటిన చోట్లు నాలుగింట ఒక వంతు. కలుషితం ఎక్కువగా కనిపించింది ధనిక దేశాల్లో కాదు. మందులు చేతికందేంత చవకై, మురుగు శుద్ధి ఇంకా చేతికందని దేశాల్లో. మన నంద్యాల, ఆళ్లగడ్డలాంటి పట్టణాలు సరిగ్గా ఆ దశలో ఉన్నాయి.

ఇంత కొద్ది మోతాదులు ఎవరినేం చేస్తాయని అడగడం న్యాయమే. లీటరులో నానోగ్రాములంటే, అంటే గ్రాములో వంద కోట్లవ వంతులంటే, మనిషికి అది మందే కాదు. జవాబు కెనడాలోని ఒక చిన్న చెరువు ఇచ్చింది. పరిశోధనల కోసమే వదిలిపెట్టిన ఆ చెరువులో 2001 నుంచి మూడేళ్లు, గర్భనిరోధక మాత్రలో ఉండే కృత్రిమ ఈస్ట్రోజెన్‌ను లీటరుకు 5, 6 నానోగ్రాములు ఉండేట్టు కలుపుతూ వచ్చారు. మగ చేపల్లో గుడ్డు సొన ప్రొటీను పుట్టింది. పరిగెల్లాంటి చిన్న చేపల జాతి ఒకటి ఆ చెరువులో దాదాపు తుడిచిపెట్టుకుపోయింది. కలపడం మానేశాక కొన్నేళ్లకు తిరిగి కోలుకుంది. మోతాదు తక్కువా ఎక్కువా అన్నది ఎవరికి అనే ప్రశ్నతో కలిపి అడగాల్సిందే. చేపకు ఆ నీరే గాలి, ఆ నీరే ఇల్లు. పొద్దస్తమానం అందులోనే ఉంటుంది.

అయితే ఈ చేపల కథకన్నా మనకు దగ్గరిదీ, మరింత ఘోరమైనదీ ఒకటుంది. అది పశువుల కొట్టంలో మొదలైంది.

మహానంది స్థలపురాణంలో లింగం మీద ఆవు గిట్ట గుర్తు ఉందంటారు. పుట్ట మీద పాలు కురిపిస్తున్న ఆవు, రాజు అలికిడికి బెదిరి పుట్టను తొక్కిందట. పక్కనే గోపవరం అనే ఊరు. చుట్టూ నవనందులు. శివరాత్రి తిరునాళ్లకు ఎద్దుల బండలాగుడు పోటీలు. గొడ్డూగోదా చుట్టూ తిరిగే సీమ ఇది. కాడెద్దు కుంటితే, పాడి ఆవు ఈనిన తర్వాత లేవలేకపోతే, పొదుగువాపు వచ్చి పాలు చేపకపోతే, గోపాలమిత్రకో పశువుల డాక్టరుకో కబురు పెడతారు. జ్వరానికీ నొప్పికీ ఒక సూది పడుతుంది. 1990ల మధ్య నుంచి దేశమంతటా ఆ సూదిలో ఉన్న మందు ఎక్కువగా డైక్లోఫెనాక్. చవక, వెంటనే పనిచేస్తుంది, ఆవుకు హాని లేదు. రైతు దృష్టిలోంచి చూస్తే తప్పు పట్టడానికి ఏమీ లేదు.

కొన్ని గొడ్లు ఆ సూది పడ్డాక కూడా బతకవు. చనిపోయిన గొడ్డును ఊరి బయటికి ఈడ్పించి, తోలు ఒలిచాక కళేబరాన్ని అక్కడే వదిలేయడం తరతరాల వాడుక. ఎక్కణ్నుంచి చూసేవో గాని, రాబందులు గుంపుగా దిగి గంటలోపు ఎముకలు మాత్రం మిగిల్చి లేచిపోయేవి. యాభై ఏళ్లు దాటిన వాళ్లనెవరినైనా అడగండి, చిన్నప్పుడు చూసిన ఆ గుంపు గురించి చెబుతారు. పాతికేళ్ల వాళ్లను అడిగితే సినిమాలో చూశామంటారు.

1990ల చివర్లో భరత్‌పూర్ పక్షుల అభయారణ్యంలో విభు ప్రకాశ్ అనే శాస్త్రజ్ఞుడు రాబందులు తలలు వాల్చి, కొమ్మల మీదినుంచి రాలిపడుతుండడం గమనించారు. మొదట ఏదో వైరస్ అనుకున్నారు. చనిపోయిన పక్షులను కోస్తే లోపలి అవయవాల మీద తెల్లటి సుద్ద పూతలాంటిది ఉంది. అది యూరిక్ ఆమ్లం. మూత్రపిండాలు పనిచేయడం మానేస్తే అది ఒంట్లోనే పేరుకుంటుంది. పాకిస్తాన్‌లో పరిశోధిస్తున్న లిండ్సే ఓక్స్ బృందం 2004లో కారణం బయటపెట్టింది. మూత్రపిండాలు చెడి చనిపోయిన ప్రతి రాబందులోనూ డైక్లోఫెనాక్ ఉంది, వేరే కారణంతో చనిపోయిన వాటిలో లేదు. ఆవుకు మేలు చేసే మందు, ఆ ఆవును తిన్న పక్షికి విషం.

లెక్క చూస్తే ఇంకా ఆశ్చర్యం. దేశంలోని కళేబరాల్లో నూటికి ఒక్కదానిలోపు ఈ మందు ఉన్నా చాలు, రాబందుల జాతి మొత్తం కూలిపోతుందని గణితం చెప్పింది. ఒక్క కళేబరం మీద పదులకొద్దీ పక్షులు వాలతాయి, ఒక పక్షి ఏడాదికి ఎన్నో కళేబరాలు తింటుంది, రాబందుల జత ఏడాదికి పెట్టేది ఒక్క గుడ్డు. 1992కూ 2007కూ మధ్య తెల్లవీపు రాబందులు వెయ్యికి సుమారు ఒకటి చొప్పునే మిగిలాయి. పొడుగుముక్కువి, సన్నముక్కువి కలిపి 97 శాతం తగ్గాయి. ప్రపంచంలో ఇంత వేగంగా ఇన్ని లక్షల పక్షులు పోయిన ఉదంతాలు చాలా అరుదు. ఇది ఒక ఫ్యాక్టరీ ప్రమాదం వల్ల జరగలేదు. ఎవరూ ఎక్కడా ఏ నియమమూ ఉల్లంఘించలేదు. డాక్టర్లు చీటీ రాశారు, రైతులు సూది వేయించారు, అంతే.

రాబందులు పోతే కళేబరాలు పోవు కదా. కుక్కలు పెరిగాయి, ఎలుకలు పెరిగాయి, కుళ్లిన మాంసం నీళ్లలో కలిసింది. ఆర్థిక శాస్త్రజ్ఞులు ఏయల్ ఫ్రాంక్, అనంత్ సుదర్శన్ జిల్లాలవారీ మరణాల లెక్కలు తీసి, ఒకప్పుడు రాబందులు ఎక్కువగా ఉన్న జిల్లాలను లేని జిల్లాలతో పోల్చారు. 2000 నుంచి 2005 మధ్య రాబందులు లేకపోవడం వల్ల దేశంలో సుమారు ఐదు లక్షల మంది అదనంగా చనిపోయారని 2024లో అచ్చైన వారి వ్యాసం అంచనా వేసింది. ఇది అంచనాయే. సగానికి తగ్గించి చూసుకున్నా పశువుల సూది ఖరీదు రూపాయల్లో లెక్కకు రాదు.

తర్వాత జరిగింది నేర్చుకోదగినది. 2006లో పశువులకు డైక్లోఫెనాక్ తయారీని ఆపమని కేంద్రం ఆదేశించింది. ఆపగలగడానికి కారణం ప్రత్యామ్నాయం ఉండడం. మెలోక్సికామ్ అనే మందును బందీగా ఉన్న రాబందులకు ఇచ్చి చూశారు, ఏమీ కాలేదు. రైతును నొప్పి భరించమనాల్సిన పని లేకుండానే దారి దొరికింది. అయినా మందుల షాపులు మనుషుల డైక్లోఫెనాక్‌నే పెద్ద సీసాల్లో అమ్ముతూ వచ్చాయి. 30 మిల్లీలీటర్ల సీసా మనిషికి ఎందుకు? అది గొడ్డు మోతాదు. 2015లో మనుషుల సూదిమందు సీసా 3 మిల్లీలీటర్లకు మించకూడదన్నారు. కంపెనీలు కోర్టుకెళ్లాయి. 2017లో మద్రాసు హైకోర్టు ఆ నియమాన్నే నిలబెట్టింది. నిషేధం కన్నా ఈ సీసా కొలత తెలివైన పని అని నాకనిపిస్తుంది. పది చిన్న సీసాలు పగలగొట్టి ఎద్దుకు ఎక్కించే ఓపిక ఎవరికీ ఉండదు.

కాని దొంగ ఒక తలుపు మూస్తే ఇంకో తలుపున వచ్చాడు. అసెక్లోఫెనాక్ అనే ‘వేరే’ మందు ఆవు ఒంట్లోకి పోగానే డైక్లోఫెనాక్‌గా మారిపోతుందని 2016లో తేలింది. కీటోప్రొఫెన్ కూడా రాబందులకు విషమే. ఈ రెంటినీ పశువులకు నిషేధించడానికి 2023 జులై దాకా పట్టింది. ఇదే కోవలోని నిమెసులైడ్ నిషేధం 2024 డిసెంబరు చివర వచ్చింది. ఒక్కో మందుకు ఒక్కో తరం రాబందులను మూల్యంగా ఇచ్చి నేర్చుకోవడం కన్నా, పశువులకు కొత్త నొప్పిమందును అనుమతించే ముందే దాన్ని తినే పక్షికి ఏమవుతుందో పరీక్షించమనడం చవక. ఆ పద్ధతి మన దగ్గర ఇప్పటికీ స్థిరపడలేదు.

ఇంతలో 2013లో తెలంగాణలో, బెజ్జూరు అడవుల్లో పాలరాపు గుట్ట చరియల మీద పొడుగుముక్కు రాబందుల గూళ్లు కనిపించాయి. హైదరాబాదు నెహ్రూ జూలో తెల్లవీపు రాబందుల పెంపక కేంద్రం ఉంది. పొడుగుముక్కు రాబందు చెట్టు మీద కాక నిలువు రాతి చరియల అరల్లో గూడు కడుతుంది. ఆళ్లగడ్డ దాటి అహోబిలం పోతే అలాంటి చరియలకు కొదవ లేదు. అక్కడి కొండకు గరుడాద్రి అని పేరు కూడా ఉంది. గూళ్లకు చోటుంటే సరిపోదు, చుట్టూ వంద కిలోమీటర్ల మేర కళేబరాల్లో ఆ మందు ఉండకూడదు. ఎందుకంటే రాబందు తిండి కోసం అంత దూరమూ పోతుంది. అడవికి కంచె వేసి దాన్ని కాపాడలేం. దాని బతుకు గోపవరం పశువుల మందుల షాపులో అరమీద ఏ సీసా ఉందన్న దాంట్లో ఉంది.

పశువుల మందుల్లో ఇంకొకటి చెప్పి ముందుకు పోదాం. పేలు, గోమార్లు, కడుపులో పురుగులకు వేసే ఐవర్‌మెక్టిన్ చాలావరకు పేడలోనే బయటికి వస్తుంది. ఆ పేడను ఉండలు చేసి నేలలోకి దింపే పేడపురుగుల పిల్లలు అందులో బతకవని 1980ల నుంచి తెలుసు. అరటితోటకు దిబ్బ ఎరువు తోలే రైతుకు ఇది చిన్న విషయం కాదు. మందు వేసిన మొదటి రెండు వారాల పేడను నేరుగా పొలంలోకి తోలకుండా దిబ్బలో బాగా చివికేదాకా ఉంచడం, మంద మొత్తానికి మూకుమ్మడిగా వేయకుండా అవసరమైన గొడ్డుకే వేయడం – ఖర్చు లేని పనులు.

ఇక మందు పుట్టేచోటికి.

హైదరాబాదుకు ఉత్తరంగా, పడమరగా ఉన్న జీడిమెట్ల, బొల్లారం, పటాన్‌చెరు, పాశమైలారం పారిశ్రామికవాడల్లో మందుల ముడిసరుకు తయారవుతుంది. 1960లలో ప్రభుత్వ రంగ ఐడీపీఎల్ వచ్చినప్పుడు పడిన విత్తనం అది. అక్కడ పని నేర్చిన రసాయన ఇంజినీర్లు బయటికొచ్చి సొంత కంపెనీలు పెట్టారు. ప్రపంచానికి చవకగా మందులందించిన నగరంగా హైదరాబాదు పేరు తెచ్చుకుంది. ఆ పేరు నిజమైనదే. ఎయిడ్స్ రోగుల నుంచి చక్కెర జబ్బు వాళ్ల దాకా కోట్లమంది ఆ చవక వల్లే బతికారు. దాని రెండో వైపు నక్కవాగు, ఇసకవాగు చూశాయి. ఆ వాగులు మంజీరాను చేరేలోపు ఎన్నో ఊళ్ల బావులు పాడయ్యాయి. పటాన్‌చెరులో వైద్యం చేసే అల్లాని కిషన్ రావు అనే డాక్టరు రోగులను చూస్తూనే ఆ నీళ్ల కోసం దశాబ్దాల పాటు పోరాడారు. 1990లో సుప్రీంకోర్టులో మొదలైన వ్యాజ్యం హైకోర్టుకు, హరిత ట్రిబ్యునల్‌కు చేరి ఏళ్లకేళ్లు నడిచింది.

2007లో స్వీడన్‌కు చెందిన యోకిమ్ లార్సన్ బృందం అచ్చువేసిన వ్యాసం ఈ పోరాటానికి అంకెలు ఇచ్చింది. సుమారు 90 ముడిమందు కర్మాగారాల వ్యర్థజలాన్ని పటాన్‌చెరులోని ఉమ్మడి శుద్ధి కేంద్రం శుద్ధి చేసి వాగులోకి వదిలేది. శుద్ధి అయిన తర్వాత, అంటే బయటికి వదిలే నీళ్లలో, సిప్రోఫ్లాక్ససిన్ లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా ఉంది. ఆ మాత్ర వేసుకున్న మనిషి రక్తంలో ఉండే మోతాదుకన్నా అది ఎన్నో రెట్లు. రోజుకు 15 లక్షల లీటర్ల నీళ్లలో లెక్క కడితే 45 కిలోల మందు. అప్పట్లో 90 లక్షల జనాభా ఉన్న స్వీడన్ దేశమంతా ఐదు రోజులు వాడే సిప్రోఫ్లాక్ససిన్ అది. రోజూ వాగులో పోసేవారు. డబ్బుగా చూసినా నష్టమే కదా, అమ్ముకోవాల్సిన సరుకు కాలువలో పోతుంటే! అది ధనరూపంలో లెక్కకు రానంత చవకగా తయారవుతోందన్నమాట.

దీనివల్ల ముప్పు చేపలకే అయితే కథ వేరు. సిప్రోఫ్లాక్ససిన్ సూక్ష్మజీవులను చంపే మందు. చావుకు తక్కువైన, లేదా కొన్నిటినే చంపగల మోతాదులో అది నిత్యం ప్రవహించే చోట, తట్టుకోగలిగినవి మాత్రమే మిగులుతాయి. తట్టుకునే విద్య వాటి జన్యువుల్లో ఉంటుంది. సూక్ష్మజీవులు ఆ జన్యువులను పిల్లలకే కాదు, పక్కనున్న వేరే జాతి సూక్ష్మజీవికి కూడా అందించగలవు. పటాన్‌చెరు కేంద్రంలో ఇంకో చిక్కుంది. జీవశుద్ధి బాగా జరగాలని ఫ్యాక్టరీ నీళ్లలో కొంత ఇళ్ల మురుగును కూడా కలిపేవారు. మనుషుల పేగుల్లోంచి వచ్చిన సూక్ష్మజీవులనూ యాంటీబయాటిక్‌నూ ఒకే తొట్టిలో పెట్టి, వెచ్చగా, గాలి ఊదుతూ కలియబెట్టడం. నిరోధక శక్తి కోసం ఎవరైనా కావాలని పరిశోధన చేసినా దాదాపు ఇలాగే చేస్తారు. తర్వాత అదే బృందం వాగు మట్టిని పరిశీలిస్తే నిరోధక జన్యువులు కుప్పలుగా దొరికాయి. చుట్టుపక్కల చెరువుల్లో, బావుల్లో కూడా మందులు కనిపించాయి. తర్వాత ఆ నీళ్లను పైపులైను వేసి అంబర్‌పేట మురుగు శుద్ధి కేంద్రానికి, అక్కణ్నుంచి మూసీకి మళ్లించారు. నక్కవాగు ఒత్తిడి తగ్గింది. మందు మాయం కాలేదు, పలచబడి ఊరు మారింది.

ఇక్కడ మనవాడి ప్రస్తావన ఒకటి తప్పదు. భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలలకు పరిశోధన డైరెక్టరుగా ఉన్నప్పుడు, 1948లో, అరియోమైసిన్ లోకానికి తెలిసింది. టెట్రాసైక్లిన్ల కుటుంబంలో అది మొదటిది. ఆయన అదే ఏడాది ఆగస్టులో కన్నుమూశారు. కొద్ది కాలానికే అదే సంస్థలో స్టాక్‌స్టాడ్, జ్యూక్స్ అనే ఇద్దరు, అరియోమైసిన్ తీసేశాక మిగిలిన పులిసిన పిప్పిని కోడిపిల్లలకు పెట్టి చూశారు. అవి మామూలు కన్నా త్వరగా బరువెక్కాయి. పిప్పిలో మిగిలిన కొద్దిపాటి మందే కారణం. జబ్బు లేని జంతువులకు మేతలో యాంటీబయాటిక్ కలిపే అలవాటు ప్రపంచమంతా అలా పాకింది. ఇది కూడా ఫ్యాక్టరీ వ్యర్థంలోంచి మొదలైన కథే. ఇప్పటికీ పూర్తిగా ఆగలేదు. మనుషులకు చివరి ఆధారంగా దాచుకోవాల్సిన కొలిస్టిన్‌ను కోళ్ల మేతలో వాడడాన్ని మన దేశం 2019లో నిషేధించాల్సి వచ్చింది.

మరి తగ్గించేదెలా? ముందు మనసుకు బాగా నచ్చే ఉపాయాన్ని చూద్దాం. ఇంట్లో గడువు తీరిన మందులను సేకరించే పెట్టెలు. కేరళ ఔషధ నియంత్రణ శాఖ 2025లో కోజికోడ్‌లో ఇళ్లనుంచి పాత మందులు తీసుకునే పథకం మొదలుపెట్టింది. మంచి పని. ఘనవ్యర్థాల నియమాలు 2016లోనే గడువు తీరిన మందులను ఇంటి ప్రమాదకర వ్యర్థాలుగా గుర్తించి, వేరుగా ఇవ్వమన్నాయి. ఆసుపత్రులకైతే జీవవైద్య వ్యర్థాల నియమాలున్నాయి, పసుపు సంచిలో వేసి దహనానికి పంపాలి. మన పట్టణాల్లో తడి, పొడి వేరుచేయడమే ఇంకా సరిగా కుదరలేదు. పెట్టె వచ్చేదాకా మాత్రలను మరుగుదొడ్లో వేయకపోవడం, సిరప్‌ను సింకులో పోయకపోవడం, స్ట్రిప్పును కత్తిరించి, మట్టిలోనో టీపొడి పిప్పిలోనో కలిపి మూతపెట్టి చెత్తబండికి ఇవ్వడం చేయగలం. ఒక మినహాయింపు ఉంది. ఫెంటానిల్, మార్ఫిన్ వంటి 17 మందులను మాత్రం మరుగుదొడ్లోనే వదిలేయమని కేంద్ర ఔషధ నియంత్రణ సంస్థ 2025లో చెప్పింది. చెత్తలో దొరికి ఒక పిల్లవాడు మింగితే ప్రాణం పోయే మందులవి. ఆ ముప్పు ముందు నీటి ముప్పు చిన్నది.

కాని నిజం చెప్పుకోవాలి. ఊళ్ల మురుగులోకి చేరే మందులో పారేసిన మాత్రల వాటా తక్కువ, మింగి విసర్జించినదే ఎక్కువ. పెట్టెలు పెట్టి ఫొటోలు దిగడం సులువు కాబట్టి దాని గురించే ఎక్కువ మాట్లాడుకుంటాం. మూత్రంలో పోయే మందును ఆపాలంటే అవసరం లేని మందు ఒంట్లోకే పోకూడదు. జలుబుకు ఆర్‌ఎంపీ రాసిన మూడు రోజుల అజిత్రోమైసిన్, నడుము పట్టేస్తే అడిగి వేయించుకున్న సూది, ఊళ్లో ఎవరికి ఒళ్లు నొప్పులున్నా ఎక్కించే గ్లూకోజు సీసాలోకి కలిపే రకరకాలు – ఇవి లేకపోతే రోగికి నష్టం లేదు, వాగుకు లాభం. చక్కెర, రక్తపోటు, మూర్ఛ మందుల జోలికి ఎవరూ పోకూడదు. వాటిని ఒక పూట మానినా నీళ్లకు ఒరిగేది లేదు, మనిషికి మాత్రం ప్రమాదం. ఉన్నవాటిలో ఎంచుకునే వీలుంటే అది వేరు. స్టాక్‌హోంలో వైద్యులకు ఇచ్చే మందుల జాబితాలో సమానంగా పనిచేసే రెండు మందులుంటే ఏది నీటికి తక్కువ చేటో కూడా చూస్తారు. రాబందుల విషయంలో మెలోక్సికామ్ చేసిన పని అదే. జెల్ వాడేవాళ్లు చేయగలిగినది ఇంకా చిన్నది: రాసుకున్నాక చేతులను ముందు కాగితంతో తుడుచుకోండి, ఆ కాగితాన్ని చెత్తలో వేయండి, తర్వాత కడుక్కోండి.

కాలువ చివర్లో శుద్ధి చేయలేమా? చేయవచ్చు. మామూలు శుద్ధి కేంద్రంలో సూక్ష్మజీవులు మలాన్ని తింటాయి గాని కార్బమాజెపిన్‌ను ముట్టవు. ఓజోన్ పంపాలి, లేదా ప్రత్యేకమైన బొగ్గుపొడిలో వడకట్టాలి. స్విట్జర్లాండ్ 2016 నుంచి సుమారు వంద కేంద్రాలకు ఇవి అమర్చే పని పెట్టుకుంది. అందుకు ఒక్కో మనిషికి ఏడాదికి 9 ఫ్రాంకులు వసూలు చేస్తుంది. ఐరోపా సమాఖ్య 2024 చట్టం ఈ ఖర్చులో కనీసం 80 శాతాన్ని మందుల, సౌందర్య సాధనాల కంపెనీలే భరించాలంది. కంపెనీలు కోర్టుకెక్కాయి. మనకు ముందు మామూలు శుద్ధి కేంద్రాలే చాలినన్ని లేవు. మద్దిలేటి గట్టున ఓజోన్ యంత్రం పెట్టే రోజు దగ్గర్లో లేదు గనక, ఖర్చు తక్కువగా ఉండే చోటే, అంటే మందు నీటిలో కలవకముందే, పట్టుకోవాలి.

అలా పట్టుకోగలిగిన పెద్ద చోటు ఫ్యాక్టరీ గేటు. అక్కడ మందు చిక్కగా ఉంటుంది, ఎవరిదో తెలుస్తుంది. నీరు ఆవిరిచేసి వ్యర్థాన్ని ఎండబెట్టే పద్ధతిని చాలా కంపెనీలు ఇప్పుడు పెట్టుకున్నాయి. పెట్టుకున్నవి రాత్రిళ్లు కూడా నడుస్తున్నాయా అన్నది వేరే ప్రశ్న. 2020 జనవరిలో కేంద్ర పర్యావరణ శాఖ 121 యాంటీబయాటిక్‌లకు వ్యర్థజలంలో ఎంతకు మించకూడదో అంకెలు వేసి ముసాయిదా తెచ్చింది. ప్రపంచంలో ఏ దేశమూ అంత దూరం పోలేదు. 2021 ఆగస్టులో తుది నోటిఫికేషన్ వచ్చేసరికి ఆ పట్టిక లేదు. 2024 సెప్టెంబరులో ప్రపంచ ఆరోగ్య సంస్థ దాదాపు అలాంటి హద్దులతోనే మార్గదర్శకాలు ఇచ్చింది, కాని అవి సలహాలే.

చట్టం కోసం చూడకుండా చేయగలిగినది కొనేవాడి చేతిలో ఉంది. నార్వేలో ఆసుపత్రులకు మందులు కొనే సంస్థ 2019లో యాంటీబయాటిక్‌ల టెండర్లలో 30 శాతం మార్కులు పర్యావరణానికి కేటాయించింది. ఫ్యాక్టరీ వదిలే నీటిలో మందు ఎంతుందో చూసి ముద్ర వేసే ధ్రువీకరణ 2023లో బ్రిటన్‌లో వచ్చింది. మన రాష్ట్రంలో ప్రభుత్వాసుపత్రులన్నిటికీ మందులు కొనేది ఒకే సంస్థ, ఏపీఎంఎస్‌ఐడీసీ. నంద్యాల ప్రభుత్వాసుపత్రిలో చేతికిచ్చే అమాక్సిసిల్లిన్ కూడా ఆ టెండరులోంచే వస్తుంది. ఇప్పుడు ఆ టెండరులో గెలిచేది నాణ్యత పరీక్ష నెగ్గినవాళ్లలో తక్కువ ధర వేసినవాడు. మురుగును సరిగా శుద్ధి చేసే కంపెనీకి ఖర్చెక్కువ, అందుకే అది ఓడిపోతుంది. ఆ మిగిలిన రూపాయల్ని ఇన్నాళ్లూ కట్టింది నక్కవాగు పక్క బావులున్న రైతులు. టెండరు షరతుల్లో వ్యర్థజల పరీక్ష నివేదిక ఒకటి అడగడానికి పార్లమెంటు అక్కర్లేదు. ఏ మందుకు ఎంత హద్దు పెట్టాలో మళ్లీ కూర్చుని లెక్క కట్టనక్కర్లేదు కూడా. 2020 ముసాయిదాలోని 121 వరుసల పట్టిక అచ్చై ఉంది.